జిమ్‌లో చేరిన బుజ్జమ్మకి

బుజ్జమ్మా,

జిమ్‌కి రోజూ వెళ్తానన్నావు. రోజూ వద్దు తల్లీ. సోమ, బుధ, శుక్రవారాలు చాలు. అలసిన కండ మళ్లీ గట్టిపడేది మధ్య రోజుల్లోనే. ఆ వ్యవధి ఇవ్వకపోతే పోయినవారం ఎత్తిన బరువే ఈ వారం లేవదు.

అప్పుడే పెద్ద రాడ్ జోలికి వెళ్లకు, బరువు ప్లేట్లు తగిలించకుండానే అది 20 కిలోలుంటుంది. 6 కిలోల డంబెల్‌ని రెండు చేతులతో ఛాతీకి ఆనించి పట్టుకుని స్క్వాట్, అంటే గుంజీళ్లలా కూర్చుని లేవడం, చెయ్యి. పాదాలు భుజాలంత ఎడంగా, వేళ్లు కాస్త బయటికి పెట్టి, తొడలు నేలకు సమాంతరమయ్యేదాకా దిగు. లేచేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలుతున్నా, నడుము గూనిలా వంగుతున్నా బరువు తగ్గించు. మడమలు లేస్తుంటే అది చాలాసార్లు చీలమండల బిగుతు వల్లే. మడమల కింద పలచటి ప్లేటు పెట్టుకుని చూడు.

8 సార్ల చొప్పున 3 సెట్లు, మధ్యలో 2 నిమిషాల విశ్రాంతి. సెట్ ముగిసేసరికి ఇంకో రెండుసార్లు మాత్రమే చేయగలననిపించాలి. ఇంకో పది చేయగలిగేలా ఉంటే కండకి పెరగాల్సిన అవసరమే రాదు. మూడు సెట్లలోనూ 12 సార్లు చేయగలిగాకే తర్వాతి డంబెల్ తీసుకుని మళ్లీ 8 దగ్గర మొదలుపెట్టు. తేదీ, బరువు, ఎన్నిసార్లు చేశావో నోటుబుక్‌లో రాసుకో. రాసుకోనివాళ్లు నెలల తరబడి అదే బరువు ఎత్తుతూ, కండ రావట్లేదని మానేస్తారు. డంబెల్ రో (ముందుకి వంగి డంబెల్‌ని నడుము వైపు లాగడం), బెంచీ మీద చేతులానించి పుషప్స్, వీటికీ ఇదే లెక్క.

తొలి వారాల్లో బలం గబగబా పెరుగుతుంది, అద్దంలో మాత్రం ఏమీ కనబడదు. నరాలు ఉన్న కండని వాడుకోవడం నేర్చుకునే దశ అది. రెండు మూడు నెలలు ఓపిక పట్టు. ‘మగపిల్లాడిలా అయిపోతావ్’ అనేవాళ్ల మాట వినకు. అంత కండ కట్టేంత టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ ఆడవాళ్ల ఒంట్లో ఉండదు.

ఇక తిండి. కిలోకి 1.6 గ్రాముల చొప్పున, నీ 55 కిలోలకి రోజుకి 88 గ్రాముల ప్రొటీన్ కావాలి. మూడు గుడ్లకి 18, యాభై గ్రాముల ఎండు మీల్‌మేకర్‌కి 26, గుప్పెడు వేరుశనగలకి 7, కప్పు పెరుగుకి మరో 6 వస్తాయి. మిగతాది పప్పూ, అన్నం, చపాతీల నుంచి రావాలి. హాస్టల్ పప్పు నీళ్లగా ఉంటుంది, గరిటె అడుగునుంచి వేయించుకో. సాంబారుని లెక్కలో వేయకు.

వ్యాయామం చేసిన రెండోరోజు తొడలు పట్టేయడం మామూలే. కీలులో పోటు వస్తే మాత్రం ఆపెయ్యి. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లు, ఆలస్యం చేయకు.

శుక్రవారం స్క్వాట్ చేసేటప్పుడు పక్కనుంచి వీడియో తీయించి పంపు. నీ నడుము ఎలా ఉందో చూసి చెప్తాను.

అమ్మ