తెర వెనక జాగా సంగతి ఎవరూ అడగరేం?

సంపాదకులకు నమస్కారం.

పాత టౌన్‌హాళ్లను, కళాక్షేత్రాలను ఆధునికీకరించాలన్న మాట మన తిరుపతి, చిత్తూరు వార్తల్లో అప్పుడప్పుడూ వస్తూ ఉంటుంది. ఆ మాట వచ్చినప్పుడల్లా ఏసీ, పుష్‌బ్యాక్ సీట్లు, గ్రానైటు ఫ్లోరింగు, ముందువైపు రంగు లైట్లు గురించే రాస్తారు. వేషం కట్టుకునే గది (గ్రీన్ రూము) గురించి, సామాను దించే తలుపు గురించి ఒక్క ముక్క కూడా నా కంటబడలేదు. చంద్రమతిగా, ద్రౌపదిగా, సత్యభామగా పద్యనాటకాల్లో వేషాలు కట్టి బతికినదాన్ని నేను. ఈ సంగతి మాలాంటి వాళ్లం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారనిపించి రాస్తున్నాను.

మా చెల్లెలి కొడుకు ఆర్కిటెక్చర్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. ముంబైలోని రాయల్ ఒపేరా హౌస్‌కి పక్కన కొత్త భాగం కట్టాల్సి వస్తే ఎలా కడతావన్నది వాడికిచ్చిన ప్రాజెక్టు. సెలవులకి మా ఇంటికి వచ్చి, డైనింగ్ టేబుల్ నిండా డ్రాయింగులు పరిచి, "పెద్దమ్మా, స్టేజీ ఎక్కినదానివి నువ్వు, ఒకసారి చూడు" అన్నాడు. ఒపేరా అంటే మనకి దూరపు మాటలా అనిపిస్తుంది గానీ, అదీ పాటతో కథ నడిపించే నాటకమే. వాళ్ల వాద్యాలవాళ్లు స్టేజీ ముందు గుంతలో కూర్చుంటారు, మన హార్మోనియం, తబలా పక్కన కూర్చుంటాయి.

ఆ భవనం గిర్గావ్‌లో, చర్నీరోడ్డు స్టేషనుకి దగ్గర్లో ఉంది. కట్టడం పూర్తికాకుండానే 1911లో ఐదో జార్జి చక్రవర్తి చేత ప్రారంభం చేయించారట. గ్యాలరీలో చిట్టచివర కూర్చున్న మనిషికి కూడా మాట స్పష్టంగా అందేలా సీలింగు తీర్చారు. బాలగంధర్వ అక్కడ పాడారు, పృథ్వీరాజ్ కపూర్ నాటకాలు వేశారు. తర్వాత అది సినిమా హాలుగా మారింది, 1993లో మూతబడింది. సొంతదారులైన గోండల్ రాజకుటుంబం వారు అభా నారాయణ్ లాంబా అనే ఆర్కిటెక్టుకి పని అప్పగించారు. ఆవిడ పాత రూపాన్ని ఓపిగ్గా తిరిగి తెస్తే 2016 అక్టోబరులో మళ్లీ తెర లేచింది. మరుసటి ఏడాది యునెస్కో పురస్కారం కూడా వచ్చింది. దేశంలో మిగిలి ఉన్న ఒకే ఒక్క ఒపేరా హౌస్ అదేనంటారు.

బాలగంధర్వ పేరు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. స్త్రీ వేషాలకి మరాఠీవాళ్లకి ఆయన ఎంతో, మనకి స్థానం నరసింహారావుగారు అంత. చిత్తూరు నాగయ్యగారు కూడా తొలిరోజుల్లో చిత్తూరు రామవిలాస సభ వారి సారంగధర నాటకంలో చిత్రాంగి వేషం కట్టినవారే. ఒక మగమనిషి చిత్రాంగిగా మారి బయటికి రావాలంటే అద్దం కావాలి, అద్దం మీద సరైన వెలుతురు పడాలి, చెమటకి రంగు కారకుండా గాలి ఆడాలి. ఆ గది లేకపోతే ఆ వేషం లేదు.

మావాడి డ్రాయింగులు చూడ్డానికి చాలా అందంగా ఉన్నాయి. పాత రాతి భవనం పక్కన పల్చటి గాజు భవనం, అందులో కాఫీ షాపు, ఫొటోల గ్యాలరీ, పైన రెస్టారెంటు. "గ్రీన్ రూములు ఎక్కడ పెట్టావురా?" అని అడిగాను. రెండో అంతస్తులో, వెనకవైపు చూపించాడు. నేను ఆ గది మీద వేలు పెట్టి స్టేజీ దాకా నడిపించాను. ఒక వరండా, రెండు మలుపులు, మెట్లు, ఆ మెట్లు దిగితే కాఫీ షాపు, అది దాటితే స్టేజీ తలుపు.

అప్పుడు వాడికి హరిశ్చంద్ర నాటకంలో చంద్రమతి సంగతి చెప్పాను. ఒక రంగంలో మహారాణి, తర్వాతి రంగంలో కాశీ బ్రాహ్మడింట్లో దాసి. మధ్యలో హార్మోనియం మీద ఒక పాట వాయించేంత సేపే ఉంటుంది. ఆ కాస్తలోనే కిరీటం, వంకీలు, వడ్డాణం తీసి ఎవరి చేతికో ఇవ్వాలి. పట్టుచీర విప్పి ముతకచీర చుట్టుకోవాలి, జడ విప్పి ముడి వేసుకోవాలి, మొహం మీద మెరుపు తుడవాలి, లోహితుడి వేషం కట్టిన పిల్లాడు నిద్రపోతుంటే లేపి చంకనేసుకోవాలి. అదంతా స్టేజీకి నాలుగు అడుగుల దూరంలో జరగాలి. నీ వరండా దాటి నీ మెట్లు దిగి నేను వచ్చేసరికి హరిశ్చంద్రుడు పద్యాలన్నీ అయిపోయి జనాన్ని చూస్తూ నిలబడి ఉంటాడురా అన్నాను. వాడు నవ్వలేదు. పెన్సిలు తీసుకుని గ్రీన్ రూములున్న చోట పెద్ద గీత కొట్టాడు.

ఆ రాత్రి వాడు వేరే దేశాల ఒపేరా హౌసుల బొమ్మలు ల్యాప్‌టాప్‌లో చూపించాడు. వాటిని చూశాక నా మాటకి బలం వచ్చిందనిపించింది. 1875లో తెరిచిన పారిస్ గార్నియే ఒపేరాని నిలువునా కోసి గీసిన బొమ్మ ఒకటుంది. జనం కూర్చునే హాలు ఆ భవనంలో చిన్న ముక్క. దాని వెనక స్టేజీ గోపురం, కింద యంత్రాల నేలమాళిగలు కలిపి సుమారు 60 మీటర్ల నిలువు. సీను కర్టెన్లు చుట్టకుండా, మడవకుండా, ఉన్నవి ఉన్నట్టుగా తాళ్లతో పైకి లాగేయాలంటే అంత ఎత్తు ఉండాలి. ముందు కనబడే స్టేజీ నోరు 20 అడుగుల ఎత్తుంటే, పైన దాచుకునే జాగాతో కలిపి కనీసం 50 అడుగులు కావాలని లెక్కట. దాన్ని ఫ్లై టవర్ అంటారు. మనవైపు హాళ్లలో స్టేజీ నెత్తిన పది అడుగుల్లో కాంక్రీటు స్లాబు వేసేస్తారు, ఇక అక్కడ తెర ఎక్కడికి పోతుంది?

ఇటలీలో మిలాన్ నగరంలోని లా స్కాలా ఒపేరా హౌస్ 1778 నాటిది. దాన్ని 2002లో మూసి, మారియో బొట్టా అనే ఆర్కిటెక్టు చేత వెనక కొత్త స్టేజీ టవరు, దాని పక్కన గుడ్డు ఆకారంలో మరో కట్టడం వేయించారు. వీధిలోంచి చూస్తే పాత ముఖం అలాగే ఉంటుంది, కొత్తవి వెనక్కి జరిగి నిలబడతాయి. 2004 డిసెంబరు 7న మళ్లీ తెరిచినప్పుడు, 1778లో మొదటిరోజు ఆడిన, సాలియేరి అనే సంగీతకర్త కట్టిన ఒపేరానే ఆడారట. అది విని నా ఒళ్లు పులకరించింది. కానీ పాత స్టేజీ యంత్రాలను తీసేశారని అక్కడ పెద్ద గొడవ కూడా జరిగింది. నా మటుకు నాకు టవరు కట్టడం సబబే అనిపిస్తుంది, ఆ యంత్రాలను మాత్రం ఎక్కడైనా నిలబెట్టి ఉంచాల్సింది.

లండన్ కోవెంట్ గార్డెన్‌లో 1858 నాటి హాలుని చెక్కుచెదరనివ్వకుండా చుట్టూ పెంచుకుంటూ పోయి 1999 డిసెంబరులో తెరిచారు. అప్పటిదాకా అక్కడి బాలే బృందం ఊళ్లో ఇంకో మూల రిహార్సల్ చేసుకుని వచ్చేది, ఆ తర్వాతే వాళ్లకి అదే కప్పు కింద చోటు దొరికింది. ఫ్రాన్సులోని లియోన్‌లో జాన్ నువెల్ అనే ఆర్కిటెక్టు 1831 నాటి భవనం ముఖాన్ని, జనం ఆగే పాత ముందు హాలుని (ఫాయర్) ఉంచి, లోపలంతా కొత్తగా కట్టి, నేల లోపలికి తవ్వి, పైన గాజు కమాను వేసి 1993కల్లా మూడింతలు పెంచాడు. ఆ గాజు కప్పు కింద నాట్యం సాధన చేసే హాలు పెట్టారు. మావాడికి ఆ ఒక్క సంగతీ రెండుసార్లు చెప్పాను.

కొత్త భాగం పాతదానిలా కనబడాలా, వేరుగా కనబడాలా అన్నది వాడి క్లాసులో పెద్ద చర్చట. పాత కట్టడాలను కాపాడడం గురించి 1964లో రాసుకున్న అంతర్జాతీయ నియమావళి, వెనిస్ చార్టర్ ప్రకారం కొత్తగా చేర్చింది కొత్తగానే తెలియాలి, అలాగని పాతదాన్ని మింగేయకూడదు. నాకు ఆ మాట నచ్చింది. పాత హాలుకి సిమెంటుతో దొంగ స్తంభాలు అతికించి పాతదే అనిపించడం కన్నా, పక్కన సాదాగా ఒక గది కట్టి తలుపు సరిగ్గా పెట్టడం నయం.

ఇక శబ్దం. ఈ విషయంలో నాకున్న బాధ అంతా ఇంతా కాదు. మన ప్రాంతంలోనే ఒక పాత హాలుని బాగుచేశారు, పేరు రాయను. స్టేజీ మీద చెక్కలు పీకేసి నున్నటి టైల్స్ వేశారు, గోడలకీ టైల్సే. చెక్క మీద నడిచినప్పుడు అడుగు కింద ఒక స్పందన ఉంటుంది, పాదానికి పట్టు ఉంటుంది. టైల్స్ మీద పట్టుచీర కుచ్చిళ్లతో పరుగెత్తే ద్రౌపదికి ఎక్కడ జారుతుందో అన్న టెన్షనే, వస్త్రాపహరణం రంగంలో ధ్యాసంతా కాళ్ల మీదే. పద్యం ఎత్తుకుంటే ఇంకా కష్టం. రాగం తీసి ఆపాక అది గోడల మధ్య తిరుగుతూనే ఉంటుంది, రెండో పాదం మొదలుపెడితే మొదటి పాదం వచ్చి దాని మీద పడుతుంది. మాట తెలియడం లేదని జనం అరుస్తారు, మైకువాడు సౌండు పెంచుతాడు, ఇంకా కలగాపులగం అవుతుంది. ఒపేరా హాళ్లలో గొంతు ఆగాక శబ్దం చావడానికి సుమారు సెకనున్నర లోపే పట్టేలా చూసుకుంటారట. అలాగని శబ్దం మరీ అణిగిపోనూ కూడదు, లా స్కాలాలో తివాచీలు తీసేసి, హాలు నేలకి మళ్లీ చెక్క వేయించింది అందుకే. వాళ్లు చెవితో పని చేశారు. మనవాళ్లు క్యాటలాగు చూసి చేశారు.

అదే హాలులో గ్రీన్ రూము కుర్చీల స్టోరు అయిపోయింది. ఆడవాళ్లకి వేరే బాత్రూము లేదు. వేషం పూర్తయ్యాక, కిరీటంతో, జనం నిలబడి ఉన్న లాబీలోంచి ప్రేక్షకుల బాత్రూముకి వెళ్లి వరసలో నిలబడాల్సి వచ్చింది. తెర లేవకముందే నన్ను అందరూ చూసేశారు. తోటి ఆర్టిస్టులు ఇద్దరు చీర అడ్డం పట్టుకుంటే ఆ మరుగున బట్టలు మార్చుకున్నాం. వేషం కట్టే అమ్మాయిలు దొరకడం లేదని సభల్లో బాధపడే పెద్దలకి ఈ సంగతి తెలియాలి. నా దగ్గర పద్యాలు నేర్చుకుని, అలాంటి ఒక్క రాత్రి తర్వాత మళ్లీ రాని అమ్మాయిలున్నారు.

డబ్బు లేక ఇలా అవుతోందంటే నేను ఒప్పుకోను. మన చిత్తూరు జిల్లా పల్లెల్లో ధర్మరాజుల గుళ్ల దగ్గర మహాభారతం జరుగుతుంది కదా. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, చివరికి దుర్యోధన వధ. అక్కడ పందిరి వెనక కొబ్బరాకు తడికలతో వేషాలవాళ్లకి ఒక పాక కచ్చితంగా వేస్తారు. అందులో అద్దాలు, దీపం, నీళ్ల కుండ, భుజకీర్తులు తగిలించుకోవడానికి వెదురు గడ, అన్నీ అమరుస్తారు. ఊళ్లో ఏ పెద్దమనిషీ ఆ పాకలోకి అడుగుపెట్టడు. సురభి వాళ్లు 1885లో కడప జిల్లా సురభి ఊళ్లో మొదలుపెట్టిన దగ్గర్నుంచి తెరలు, తాళ్లు, కప్పీలు బళ్ల మీద మోసుకుంటూ ఊరూరా తిరిగి, ఎక్కడికక్కడ తమ థియేటరు తామే వేసుకున్నారు. మాయాబజారులో మనుషులు గాల్లో తేలేది ఆ తాళ్ల మీదే. వాళ్లు ముందు చూసుకునేది తెర వెనక ఎంత లోతుందన్నది. కోట్ల బడ్జెట్టున్న భవనాల్లో మాత్రం ఆ కొలత ఎవరికీ గుర్తురాదు.

తిరుపతి, చిత్తూరు కార్పొరేషన్ల అధికారులకి, సాంస్కృతిక శాఖ వారికి నా విన్నపం ఇది. పాత హాలుకి కొత్త భాగం కట్టే అవకాశం వస్తే, ఆ జాగాని ఫంక్షన్ హాలుకో, షాపులకో ఇచ్చేయకండి. స్టేజీకి ఆనుకుని, అదే ఎత్తులో, ఒక పక్క గది కట్టండి. అందులో ఒక రంగం సామాను సిద్ధంగా పెట్టుకోవచ్చు, పగలు రిహార్సల్ చేసుకోవచ్చు. మగవాళ్లకీ ఆడవాళ్లకీ వేరువేరు గ్రీన్ రూములు, వాటికి లోపలే బాత్రూములు. లారీ వెనక్కి వచ్చి ఆగితే సింహాసనం నేరుగా స్టేజీ మీదకి దొర్లేంత వెడల్పు తలుపు. స్టేజీ మీద చెక్క ఉంటే దాన్ని తీయకండి, పాడైతే చెక్కతోనే మార్చండి. ఏసీ పెడితే దాని మోటారు చప్పుడు హాల్లోకి రాకుండా చూడండి. గ్రానైటు కావాలంటే ముందు వరండాలో పరుచుకోండి, మాకు అభ్యంతరం లేదు.

ఇవన్నీ కాగితం మీద చెబితే తెలియకపోవచ్చు. టెండరు పిలవకముందే ఆ పాత హాల్లో మాకు ఒక సాయంత్రం ఇప్పించండి. పారితోషికం అక్కర్లేదు, హరిశ్చంద్ర నాటకంలో కాశీ రంగం దాకా వేసి చూపిస్తాం. ఇంజినీరుగారు ముందు వరసలో కూర్చోకుండా, టేపు పట్టుకుని స్టేజీ పక్క తెర (వింగు) దగ్గర మాతోపాటు నిలబడితే కొలతలన్నీ అక్కడే రాసుకోవచ్చు.

ఇట్లు,
ఒక రంగస్థల కళాకారిణి,
కొర్లగుంట, తిరుపతి.