పేరు పెట్టేదాకా ఆగే వాన కాదు మనది

సంపాదకులకు,

తుపాన్ల కాలం వచ్చిందంటే పత్రికల్లో ఒక బాక్సు ఐటం తప్పదు: ఈ తుపానుకు ఆ పేరెలా వచ్చింది? పిల్లలూ పెద్దలూ ఇష్టంగానే చదువుతారు. చిక్కల్లా, అందులో సగం సంగతులు మన సముద్రానివి కావు. పాత పేర్లే ఆరేళ్లకోసారి తిరిగి వస్తాయనీ, బాగా నష్టం చేసినవాటిని మాత్రం పక్కన పెడతారనీ రాస్తుంటారు. అది అట్లాంటిక్ పద్ధతి. అక్కడ 21 పేర్ల చొప్పున ఆరు జాబితాలున్నాయి. ఏడాదికొకటి వాడతారు, ఏడో ఏట మళ్లీ మొదటిది తీస్తారు. 2005 జాబితా 2011లో తిరిగి వచ్చినప్పుడు అందులో కత్రినా లేదు, దాని చోట కాటియా ఉంది. పశ్చిమ పసిఫిక్‌లో 14 సభ్యులు పదేసి ఇచ్చిన 140 పేర్లు ఏడాదితో పని లేకుండా గుండ్రంగా తిరుగుతుంటాయి.

బంగాళాఖాతం, అరేబియా సముద్రాల లెక్క వేరు. ఇక్కడ ఒకసారి వాడిన పేరు మళ్లీ వాడరు, అది వెయ్యి ఊళ్లను ముంచినా, నడిసముద్రంలోనే ఆరిపోయినా సరే. 2000లో మస్కట్ సమావేశంలో పేర్లు పెట్టాలని సూత్రప్రాయంగా అనుకున్నారు. ఎనిమిది దేశాలు ఎనిమిదేసి ఇచ్చిన 64 పేర్లతో 2004లో మొదలుపెట్టారు. తొలి పేరు బంగ్లాదేశ్ ఇచ్చిన ఒనిల్, చివరిది 2020 మేలో థాయ్‌లాండ్ పేరు అంఫన్. అప్పటికి ఇరాన్, ఖతార్, సౌదీ అరేబియా, యూఏఈ, యెమెన్ కూడా చేరడంతో 13 దేశాలు పదమూడేసి ఇచ్చాయి, 169 పేర్లయ్యాయి. దేశాలు ఇంగ్లీషు అక్షర క్రమంలో నిలబడతాయి కాబట్టి ప్రతి వరుసా బంగ్లాదేశ్‌తో మొదలై యెమెన్‌తో ముగుస్తుంది. నిసర్గతో మొదలైన ఈ జాబితాలో 2025 నవంబరు చివరన వచ్చిన దిత్వాతో రెండు వరుసలు, అంటే 26 పేర్లు అయిపోయాయి. దాని తర్వాత వంతు బంగ్లాదేశ్ పేరు అర్నబ్‌ది, ఆపైన మన దేశం ఇచ్చిన మురసుది. పాత 64 పేర్లు దాదాపు 16 ఏళ్లు వచ్చాయి. ఆ లెక్కన ఇప్పటి జాబితా నలభై ఏళ్లకు అటూ ఇటూగా సరిపోతుంది.

మళ్లీ వాడకపోవడం వల్ల లాభం కాగితాల దగ్గర తెలుస్తుంది. పేర్లు లేని రోజుల్లో, 1977 నవంబరు 12న ఒక తుపాను నాగపట్నం దగ్గర తీరం దాటింది, వారం తిరిగేసరికి 19న ఇంకొకటి దివిసీమను తుడిచిపెట్టింది. ఆ నెల రికార్డులు తిరగేసేవారు తేదీ చూసుకోకపోతే ఒకదాని సంగతి ఇంకొకదానికి అంటగట్టే ప్రమాదం ఉంది. హుద్‌హుద్ అంటే మాత్రం 2014 అక్టోబరు, విశాఖ. ఇంకో హుద్‌హుద్ ఎప్పటికీ రాదు.

పేరు పెట్టడానికి నిబంధనలున్నాయి. రాజకీయం, మతం, సంస్కృతి, ఆడ మగ తేడాలకు తావివ్వకూడదు, ఎవరినీ నొప్పించకూడదు, ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు దాటకూడదు, ఎలా పలకాలో కూడా ఇచ్చిన దేశమే చెప్పాలి. అయినా ఒకసారి బెడిసికొట్టింది. 2013లో శ్రీలంక పేరు మహాసేన్ వాడుకలోకి వచ్చాక, అది తమ రాజు పేరని ఆ దేశంలోనే నిరసన రేగితే వియారుగా మార్చారు.

పలకడం సంగతి మన డెస్కులూ కాస్త పట్టించుకోవాలి. 2023 డిసెంబరు తుపానును ఒకరు మిచౌంగ్ అన్నారు, ఒకరు మిచాంగ్, ఇంకొకరు మిగ్‌జాం. అధికారిక జాబితాలో ఉచ్చారణ మిగ్‌జౌమ్ అని పక్కనే ఉంది. ఒకే రోజు పేపర్లో రెండు రకాలుగా అచ్చయితే పదేళ్ల తర్వాత పాత సంచికలు వెతికేవారికి సగం వార్తలే దొరుకుతాయి.

దీనికన్నా పెద్ద పొరపాటు, పుట్టకముందే పేరు తగిలించడం. సముద్రంలో అల్పపీడనం కనబడగానే జాబితాలో తర్వాతి పేరు తీసి "ఫలానా తుపాను దూసుకొస్తోంది" అని వేసేస్తున్నారు. గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లు అందుకుంటే వాయుగుండం, 50 అయితే తీవ్ర వాయుగుండం, 62 అయితేనే తుపాను. ఆ 62 అందుకున్నాకనే ఢిల్లీలోని భారత వాతావరణ శాఖ పేరు ప్రకటిస్తుంది. ఇది మూడు నిమిషాల సగటు వేగం, ఒక్కసారిగా విసిరే ఈదురుగాలి లెక్కలోకి రాదు. పైగా జాబితా రెండు సముద్రాలకూ ఒకటే. ఏ మూల ఏ వ్యవస్థ ముందు బలపడితే పేరు దానిది. 2025 నవంబరులో సెన్యార్ మన తీరానికే వస్తుందని ముందే ప్రచారం జరిగింది. చివరికి ఆ పేరు మలక్కా జలసంధిలో బలపడిన తుపానుకు దక్కింది, అది సుమత్రాను తాకింది. శ్రీలంక పక్కన బలపడినదానికి దిత్వా అని పెట్టారు.

ఇంతకూ సముద్రానికి దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న నల్లగొండకు, ఇంకా పడమటనున్న పాలమూరుకు ఈ గోలంతా ఎందుకు? పేరు పుట్టేది గాలిని బట్టి, మన నష్టం వచ్చేది నీళ్లతో. అందుకే.

2020 అక్టోబరు 13న కాకినాడ దగ్గర తీరం దాటినది తీవ్ర వాయుగుండం మాత్రమే. తుపాను కాలేదు కాబట్టి పేరు రాలేదు. ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్ల వాన కొట్టింది, మూసీ ఉగ్రరూపం ఎత్తింది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కోదాడనూ ఖమ్మాన్నీ ముంచినది వాయుగుండమే, దానికీ పేరు లేదు. 2009 అక్టోబరులో అలంపూర్, కర్నూలు నీట మునిగి, శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు జాబితాలోని ఏ పేరూ ఖర్చు కాలేదు. మరో వైపు 2013 నవంబరు నాటి లెహర్ చూడండి. నడిసముద్రంలో అతి తీవ్ర తుపాను స్థాయికి వెళ్లి హడలెత్తించింది, తీరా మచిలీపట్నం చేరేసరికి వాయుగుండమై చల్లారింది. పేరును చూసి వానను అంచనా వేస్తే రెండు వైపులా దెబ్బతింటాం.

"బలహీనపడింది" అనే శీర్షికతోనూ ఇదే ప్రమాదం. నేలమీదికి వచ్చాక తుపానుకు సముద్రపు వేడి ఊతం తెగుతుంది, చెట్టూ గుట్టా తగిలి గాలి నెమ్మదిస్తుంది. తేమ మాత్రం అంత తొందరగా పోదు, బంగాళాఖాతం నుంచి ఇంకా వస్తూనే ఉంటుంది. దానికి తోడు మెల్లగా కదిలితే ఒకే చోట గంటల తరబడి కుమ్మరిస్తుంది. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటిన మొంథా బలహీనపడుతూనే తెలంగాణ మీదికి వచ్చింది. మర్నాడు నాగర్‌కర్నూల్, దేవరకొండ వైపు కుండపోత పడింది, డిండి వాగు పొంగి శ్రీశైలం రోడ్డు తెగింది. ఆ దశలో వాతావరణ శాఖ బులెటిన్లు "మొంథా తుపాను అవశేషం" అంటాయి. హోదా తగ్గినా పాత పేరు వెంట ఉంటుంది. 2021లో గులాబ్ కళింగపట్నం దగ్గర దాటి, మన రాష్ట్రం మీద వానలు కురిపించి, గుజరాత్ వైపు అల్పపీడనంగా బలహీనపడి, అరేబియా సముద్రంలో మళ్లీ లేచింది. అప్పుడు మాత్రం జాబితాలో తర్వాతి పేరు తీసి షాహీన్ అని పెట్టారు.

తుపాను హెచ్చరికలు నాలుగు మెట్లుగా వస్తాయి. 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అప్రమత్తత, 24 గంటల ముందు హెచ్చరిక. నాలుగోది తీరం దాటడానికి కనీసం 12 గంటల ముందు వస్తుంది. దాటాక ఎటు వెళుతుంది, లోపలి జిల్లాల్లో ఏమవుతుంది అన్నది అందులోనే ఉంటుంది. మనకు కావలసింది అదే, పేపర్లలో అతి తక్కువగా కనబడేదీ అదే. మచిలీపట్నం దగ్గర దాటిన తుపాను గంటకు 15 కిలోమీటర్ల వేగంతో నల్లగొండ వైపు వస్తే తుపాను కేంద్రం చేరడానికి దాదాపు 15 గంటలు పడుతుంది. మేఘాలు అంతకన్నా ముందే వస్తాయి. పేరులేని వాయుగుండానికి ఈ నాలుగు మెట్ల హెచ్చరిక ఉండదు కాబట్టి రోజువారీ జిల్లా సూచనే దిక్కు.

ఆ సూచనలో మాటలు ఊరికే వాడరు, ప్రతిదానికీ కొలత ఉంది. "భారీ" అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు, "అతి భారీ" అంటే 204.4 వరకు, ఆపైది "అత్యంత భారీ". "ఒకటి రెండు చోట్ల" అంటే జిల్లాలో నాలుగో వంతుకు మించకుండా వాన కేంద్రాల్లో, "చాలా చోట్ల" అంటే సగానికి పైగా. "ఒకటి రెండు చోట్ల అతి భారీ"ని మీ పేపర్లు "జిల్లాకు అతి భారీ వాన" అని కుదించేస్తాయి. వాన రాని మండలం రైతు నాలుగోసారి ఆ శీర్షికను నమ్మడు. 24 గంటలు అంటే ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 వరకు అని కూడా వేయండి. అది లేకపోతే తెల్లవారుజామున పడ్డ వాన ఏ రోజు ఖాతాలోదో తెలియక గొడవ. కొలత మనసుకెక్కడానికి ఒక లెక్క: సెంటీమీటరు వాన అంటే ఎకరం మీద 40 వేల లీటర్లు. పది సెంటీమీటర్లు పడితే నాలుగు లక్షలు. చెరువు మత్తడి దుంకుతుందా, కట్టకు గండి పడుతుందా అన్నది ఎగువన ఎన్ని ఎకరాల మీద అది పడిందన్నదాన్ని బట్టే.

అక్టోబరు, నవంబరు నెలల్లో మిర్యాలగూడ, హాలియా, వనపర్తి వైపు వడ్లు కల్లాల్లో, వడ్లు కొనే ఐకేపీ సెంటర్ల ముందు రోడ్ల మీద ఉంటాయి. తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు కాబట్టి రైతు ఆరబోసుకుని కూర్చుంటాడు. వాన సూచన ఉన్నప్పుడు పట్టా కప్పడం అందరికీ తెలుసు, నష్టం వచ్చేది మాత్రం కింది నుంచి. పల్లంలో పోసిన కుప్ప కిందికి నీళ్లు పారి అడుగు జానెడు తడిసిపోతుంది, పైన చూస్తే పొడిగా ఉంటుంది. మెరక చూసి పోయాలి, చుట్టూ జానెడు లోతు కాలువ తీసి వాలు వైపు వదలాలి. ఎండ కాయగానే పట్టా తీయాలి. లేకపోతే లోపల ఆవిరి పట్టి వేడెక్కి గింజ రంగు మారుతుంది, మొలక వస్తుంది. ఆరబెట్టే వీలు లేక తడిసిన వడ్లు కుప్పగానే ఉంచాల్సి వస్తే క్వింటాలుకు కిలో ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలపాలి. చేలో పడిపోయిన వరి వెన్ను మీద మొలకెత్తకుండా లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయాలి. ఎకరాకు 200 లీటర్లంటే పది కిలోల ఉప్పు. వాన ఆగాక ఎంత త్వరగా కొడితే అంత ఫలం, మూడో రోజుకు కొట్టినా మొలక వచ్చేసి ఉంటుంది. పత్తి సంగతి ఇంకా సున్నితం. 8 శాతం తేమకే పూర్తి మద్దతు ధర, 12 దాటితే పత్తి కొనే కేంద్ర సంస్థ సీసీఐ అసలే తీసుకోదు. పగిలిన పత్తిని వానకు ముందే ఏరుకోవడానికి రెండు రోజుల ముందు సూచన కావాలి, కూలీలు పూటలో దొరకరు.

నల్లగొండ, యాదాద్రి, సూర్యాపేట ఎడిషన్లకు ఇంకొక్క మాట. హైదరాబాద్‌లో కుండపోత పడిన వార్తను నగరం పేజీకే పరిమితం చేయకండి. ఆ నీళ్లన్నీ మూసీలో పడి పోచంపల్లి, వలిగొండ మీదుగా కిందికే వస్తాయి. రుద్రవెల్లి దగ్గర లోలెవల్ వంతెన, సంగెం దగ్గర భీమలింగం కత్వా మునిగేది ఆ వరదకే. అప్పటికి మనకు ఎండ కాస్తుండవచ్చు, బైకు మీద వచ్చేవాడు చూసి దాటేద్దామనుకుంటాడు. కేతేపల్లి దగ్గర మూసీ ప్రాజెక్టుకు ఎంత వస్తోంది, ఎన్ని గేట్లు ఎంత ఎత్తు లేపారు, ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారు, ఏయే రాకపోకలు బంద్ అన్నది మొదటి పేజీలోనే వేయండి, తుపానుకు పేరున్నా లేకున్నా.

— భూగోళశాస్త్ర అధ్యాపకులు,
నల్లగొండ