సిరా చిత్రకారుల సంఘం: వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

నియమావళి ప్రకారం ఈ నివేదికను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే, మళ్లీ రాయడం లేదు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది రేవు బొమ్మల ప్రదర్శన. క్రేన్లు, గోదాములు, తుప్పుపట్టిన జెట్టీలు, సరుకు పడవలు, అన్నీ నల్ల సిరాతోనే. ‘ఇందులో అందం ఏముంది?’ అని సమావేశంలో అడిగినవారు కూడా ప్రదర్శనలో చాలాసేపు నిలబడ్డారు. ప్రారంభ ప్రసంగం అమెరికా చిత్రకారుడు విస్లర్ గురించి సాగింది. లండన్‌లో థేమ్స్ ఒడ్డును, మరికొన్ని దృశ్యాలను ఆయన రాగిరేకుల మీద గీసి, ఆమ్లంతో తొలిచి అచ్చు తీసిన 16 ఎచింగులు 1871లో సంపుటిగా వచ్చాయి. వాటిలో 1859 నాటి ‘బ్లాక్ లయన్ వార్ఫ్’లో దూరపు కట్టడాలను పలకా పలకా గీసి, ముందు కూర్చున్న మనిషిని కొద్ది గీతలతో వదిలేశాడు. మనవాళ్లు చేసేది సరిగ్గా దీనికి తలకిందులు!

ప్రదర్శనకు ముందు జరిగిన శిక్షణ బాగా పనికొచ్చింది. క్రేన్‌లో ఉన్న ప్రతి కడ్డీనీ గీస్తే అది చేపల వలలా తయారవుతుంది. ఎండ పడే వైపు కడ్డీలు వదిలేస్తేనే ఇనుము నిలబడుతుంది. నీళ్లకు చాలాచోట్ల తెల్ల కాగితమే చాలు. సరుకు దిగేకొద్దీ ఓడ పైకి తేలుతుంది, ఆటుపోట్లకు నీటిమట్టం మారుతుంది, కాబట్టి నీటిగీత ముందే గుర్తు పెట్టుకోవాలి. లక్క కలిసిన ఇండియా ఇంక్‌ను ఫౌంటెన్ పెన్నులో పోయవద్దని నోటీసులోనే రాశాం. అయినా పోశారు, పెన్నులు బిగుసుకుపోయాయి. దానికి ముంచి రాసే పాళీయే వాడాలి.

రేవు లోపల కూర్చుని గీయడానికి పెట్టుకున్న దరఖాస్తు బల్ల నుంచి బల్లకు తిరిగింది. భద్రత ముఖ్యమే, కాదనం. కానీ ‘కుదరదు’ అన్న ఒక్క మాట ప్రదర్శన ముగిశాక చెబితే ఏం లాభం? చివరికి కంచె బయటినుంచే గీశాం.

ఫ్రేములు కట్టినవారికి, హాలు ఇప్పించినవారికి, పిల్లలకు పాళీ పట్టుకోవడం నేర్పిన పెద్దలకు, రాత్రి వరకు ఉండి గోడలు సర్దిన ఆ కొద్దిమందికి కృతజ్ఞతలు. వాలంటీర్ల జాబితాలో పేర్లు ఇచ్చి, ఆ రోజు ఫోన్ ఎత్తనివారి సంగతి వేరే చెప్పక్కర్లేదు. వచ్చే ఏడాది పేరు ఇచ్చేముందు ఒకసారి ఆలోచించండి.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, ప్రతులు కోశాధికారి దగ్గర ఉన్నాయి.

సంఘం డ్రాయింగ్ బోర్డులు ఇంకా ఇళ్లలో ఉంచుకున్నవారు దయచేసి సమావేశానికి తెచ్చి అప్పగించగలరు.

ఇట్లు,
కార్యదర్శి