కాలేజీలో బొద్దింక, ఊరి చుట్టూ రొయ్య

సంపాదకులు గారికి,

మీ జిల్లా పేజీలో రోజూ రొయ్యల ధరలు వేస్తున్నారు. 30 కౌంట్ (కిలోకు 30 రొయ్యలు తూగే సైజు) ఎంత, 100 కౌంట్ ఎంత అని మా వీధి టీ కొట్టులో పొద్దున్నే అందరూ ముందు చూసేది ఆ పెట్టెనే. 2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు మీరు వరసగా ఇచ్చిన కథనాలు కూడా చదివాను. రైతు గోడు బాగా రాశారు. కానీ మోటోసాకు ఫుజినాగా అనే పేరు ఇన్నేళ్లలో ఏ తెలుగు పత్రికలోనూ నా కంట పడలేదు. భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టూ ఇన్ని వేల కుటుంబాల పొయ్యి రొయ్య మీద వెలుగుతోందంటే దానికి మొదటి దారి వేసినవాడాయన. ఈ ఉత్తరం ఆయన గురించి. ఆయన్ని చూసి మన జిల్లాల్లో మొదలుపెట్టాల్సిన ఒక పని గురించి కూడా.

ఫుజినాగా 1903లో పుట్టిన జపాన్ జంతుశాస్త్రవేత్త. టోక్యో ఇంపీరియల్ యూనివర్సిటీలో చదువుకున్నారు. 1930ల్లో కురుమా రొయ్య మీద పని మొదలుపెట్టి, చివరిదాకా ఆ ఒక్క జీవినే పట్టుకున్నారు. కురుమా అంటే వాళ్ల భాషలో బండి చక్రం. ఆ రొయ్య ఒళ్లు ముడుచుకున్నప్పుడు దాని చారలు చక్రం ఆకుల్లా కనిపిస్తాయి. జపాన్ వాళ్లకు మహా ఇష్టమైన రొయ్య అది. అయినా అది గుడ్డు నుంచి పిల్ల అయ్యేదాకా ఏమేం అవుతుందో మొదటి నుంచి చివరిదాకా కళ్లతో చూసినవాళ్లు అప్పటికి లేరు. 1934లో ఆయన తల్లి రొయ్య చేత తొట్టెలో గుడ్లు పెట్టించి, పిల్లల్ని పొదిగించారు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. గుడ్డులోంచి వచ్చిన పిల్లను నాప్లియస్ అంటారు, రొయ్య పిల్లల్ని పుట్టించి పెంచే మన హేచరీల్లో నాప్లీ అంటారు. దానికి మేత అక్కర్లేదు. ఒంట్లో ఉన్న పచ్చసొన మీదే బతికేస్తుంది. ఆరుసార్లు రూపం మార్చుకుని జోయా అనే తర్వాతి దశకు రాగానే దానికి నోరు తెరుచుకుంటుంది, ఆకలి మొదలవుతుంది. ఆ నోటికి పట్టేంత చిన్న మేత ఏది? ఫుజినాగా తేల్చిన జవాబు స్కెలెటోనీమా అనే డయాటమ్, అంటే సముద్రపు నీటిలో తేలే కంటికి ఆనని మొక్క. దాన్ని విడిగా పెంచి జోయాకు పెట్టారు. ఈరోజు మన హేచరీల్లో ఆల్గే గది అని ఒకటి ఉంటుంది కదా, ట్యూబులైట్ల కింద గోధుమరంగు నీళ్ల డబ్బాలతో. దాని మూలం అక్కడుంది.

ఇదంతా ఆయన 1942లో దాదాపు 90 పేజీల వ్యాసంగా అచ్చు వేశారు. ఒక్కో దశనూ బొమ్మ గీసి, కాళ్ల మీది వెంట్రుకలతో సహా వివరించారు. వ్యాసం ఇంగ్లిష్‌లో ఉంది. అప్పటికి జపాన్ అమెరికాతో, బ్రిటన్‌తో యుద్ధంలో ఉంది. శత్రువు భాషలోనైనా సరే, చదివేవాడికి అందాలని రాసినట్టున్న ఆ పేజీలను నేను తిరగేసినప్పుడు చాలాసేపు మాట రాలేదు.

యుద్ధం అయ్యాక ఆయన ప్రభుత్వ మత్స్యశాఖలో పనిచేశారు. 1959లో ఆ ఉద్యోగం వదిలి మళ్లీ రొయ్య దగ్గరికే వచ్చారు. సముద్రతీరంలో వాడకం లేక పడి ఉన్న ఉప్పు మడులను రొయ్యల చెరువులుగా మార్చారు. 1960ల్లో పెద్ద పెద్ద తొట్టెల్లో, చెరువుకు ఎరువు వేసినట్టు నీటికే ఎరువు వేసి, డయాటమ్‌నూ పిల్లల్నీ ఒకేచోట పెంచే పద్ధతి తెచ్చారు. బీకరులో వందల్లో బతికిన పిల్లలు తొట్టెల్లో లక్షల్లో బతకడం అప్పటి నుంచే. 1934 నుంచి లెక్క వేయండి, ముప్పై ఏళ్లు. తైవాన్‌కు చెందిన ఐ-చియు లియావో ఆయన దగ్గర పనిచేసి వెళ్లి, 1968లో మరో రొయ్య పిల్లల్ని పెంచి చూపించారు. అదే మన టైగర్ రొయ్య. 1980ల చివర్లో విశాఖ దగ్గర కేంద్రప్రభుత్వ సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా పెట్టించిన టాస్పార్క్ హేచరీ వచ్చేసరికి ఆ విద్య మన ఒడ్డుకూ చేరింది. ఫుజినాగా 1973లోనే కన్నుమూశారు. మన చెరువులు చూడలేదు.

నేను 31 ఏళ్లు ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. ఏటా బొద్దింక చెప్పాను. దాని నోటి భాగాలు, దాని జీర్ణవ్యవస్థ, అన్నీ బోర్డు మీద బొమ్మలతో. కాలేజీ ప్రహరీ అవతల మాత్రం చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడు క్లాసులోకి వినిపిస్తూనే ఉండేది. ఒక ఏడాది మనసు ఆగక, బాపట్ల వైపు హేచరీలో పనిచేస్తున్న నా పాత విద్యార్థికి ఫోన్ చేశాను. రాత్రికి రాత్రి ఆక్సిజన్ కవరులో నాప్లీలు పంపించాడు. పొద్దున గాజు బీకరులో పోసి, ఒక పక్క టార్చి లైటు వేశాను. బీకరు నిండా దుమ్ములా ఉన్నదంతా కదిలి వెలుగు వైపు పోగైంది. పిల్లలు బెంచీలు ఎక్కి చూశారు. తర్వాత ఒక్కొక్కరినీ మైక్రోస్కోపు దగ్గరికి పిలిచాను. వాళ్ల నాన్న 12 ఎకరాల చెరువులు చేసే ఒక కుర్రాడు కన్ను ఆనించి, ఎంతకీ తల ఎత్తడే! చివరికి "సార్, దీనికి ఒకటే కన్నుంది" అన్నాడు. నిజమే, నాప్లియస్‌కు తల మధ్యలో ఒకటే కన్ను. పుట్టినప్పటి నుంచి రొయ్యల మధ్య పెరిగినవాడు ఆ కన్నును చూడటం అదే మొదటిసారి.

మరుసటి ఏడాది మళ్లీ తెస్తానంటే, సిలబస్‌లో లేదు కదా అన్నారు కాలేజీవాళ్లు. ఊరుకున్నాను. అలా ఊరుకున్నందుకు ఈరోజుకీ బాధగానే ఉంది.

సిలబస్‌లో లేని ఈ చూపు లేకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాం. మా తమ్ముడు ఒక హేచరీ మాట నమ్మి, టెస్టు చేయించకుండా సీడ్, అంటే రొయ్య పిల్లల్ని, చెరువులో దించాడు. నలభై రోజులు తిరక్కుండానే రొయ్యలు గట్టు పక్కకు వచ్చి తేలడం మొదలైంది. తల డిప్ప తీసి వెలుగులో పెడితే తెల్ల మచ్చలు. మేత కొట్టు బాకీ తీర్చడానికి మూడేళ్లు పట్టింది. 1990ల మధ్యలో టైగర్ రొయ్యను ఊడ్చిపెట్టిన వ్యాధి ఇదే. ఆ రోజుల్లో అడ్డూ అదుపూ లేకుండా తవ్విన చెరువుల వల్ల తాగే నీళ్లు ఉప్పగా మారాయి, వరి చేలు చెడ్డాయి. చివరికి 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. రొయ్య లాభం ఎంతో మనకు తెలిసింది కానీ, రొయ్య ఎలాంటి జీవో తెలియలేదు. అది ఫుజినాగా తప్పు కాదు. ఆయన పనిలో మనకు డబ్బు వచ్చే సగాన్ని తీసుకుని, ఓపికగా చూసే సగాన్ని వదిలేశాం.

2009లో వెన్నామీ అనే విదేశీ రొయ్య పెంపకానికి అనుమతి వచ్చింది. అప్పటి నుంచి తల్లి రొయ్యలు చాలావరకు విదేశాల నుంచి విమానంలో వచ్చి, చెన్నై దగ్గర క్వారంటైన్‌లో ఉండి మన హేచరీలకు చేరుతున్నాయి. దేశంలో ఎక్కువ రొయ్యను పండించేది మనం. తల్లి కోసం మాత్రం ఇప్పటికీ ఆకాశం వైపు చూస్తున్నాం. మన తీరంలోనే పుట్టే తెల్ల రొయ్యను మెరుగుపరిచే పనిని చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ సీబా భుజాన వేసుకుంది. ఆ పనికి రేపు మనుషులు కావాలి. సాయంత్రం అయిదు కొట్టినా బీకరు వదలనివాళ్లు కావాలి. వాళ్లు ఎక్కడి నుంచి వస్తారు?

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. శ్రీకాకుళం నుంచి నెల్లూరు, తిరుపతి దాకా తీర జిల్లాల జూనియర్ కాలేజీల్లో జీవశాస్త్రం ప్రాక్టికల్స్‌లో రొయ్య జీవితచక్రాన్ని చేర్చాలి. చార్టు మీద కాదు, బతికున్న పిల్లలతో. జోయా వెనక దారంలా వేలాడే మలం ఉంటే కడుపు నిండినట్టు. ఆ దారం కనిపించకపోతే హేచరీలో టెన్షన్ మొదలవుతుంది. జోయా తర్వాతి దశ మైసిస్ తల కిందికి పెట్టి, తోక విదిలిస్తూ వెనక్కి ఈదుతుంది. ఇవి కళ్లతో చూసిన పిల్ల రేపు తండ్రి చెరువు గట్టు మీద నిలబడి, "నాన్నా, ఈ సీడ్ దించొద్దు" అని చెప్పగలదు. బొద్దింకను తీసేయమనడం లేదు. దాని పక్కన రొయ్యకూ చోటు ఇవ్వమంటున్నాను. ఇంటర్ విద్యామండలి, మత్స్యశాఖ కూర్చుని మాట్లాడుకుంటే వచ్చే విద్యాసంవత్సరానికే అయ్యే పని ఇది.

మీ పత్రికకూ ఒక విన్నపం. ఆ ధరల పెట్టె కింద వారానికి ఒకసారి రెండంగుళాల చోటు ఇవ్వండి. నాప్లియస్, జోయా, మైసిస్ బొమ్మలు నేను గీసి పంపుతాను, డబ్బులేమీ వద్దు. మొదటి వారం ఫుజినాగా ఫొటో వేయండి చాలు. నా మైక్రోస్కోపు పాతదే అయినా అద్దం బాగుంది. ఏ కాలేజీ పిలిచినా తీసుకుని వస్తాను. ఒక్క రోజు ముందు చెబితే బాపట్ల నుంచి నాప్లీలు తెప్పించుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జువాలజీ లెక్చరర్,
భీమవరం