ఉద్దానానికి నీళ్ళు ఇచ్చారు, ఫలితం ఎవరు కొలుస్తున్నారు?

గౌరవనీయులైన వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. శ్రీకాకుళం జిల్లా కంచిలి మండలం నుంచి రాస్తున్నాను. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. మా ఉద్దానం ప్రాంతంలో కారణం తేలకుండా వస్తున్న కిడ్నీ జబ్బు గురించి మీకు అందే వినతిపత్రాలు ఎక్కువగా డయాలసిస్ పడకలు పెంచమనో, పెన్షన్ మంజూరు చేయమనో అడుగుతాయి. అవన్నీ న్యాయమైనవే. నేను అడిగేది వేరు, దానికయ్యే ఖర్చూ తక్కువ. వంశధార నది నీళ్ళు కుళాయిల్లో వచ్చాక మా కిడ్నీలు ఎలా ఉన్నాయో కొలిపించండి.

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. వంశధార నీళ్ళు నిలిచే హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి పైపుల ద్వారా తాగునీరిచ్చే పథకం కూడా అదే రోజు మొదలైంది. దాని ఖర్చు సుమారు 700 కోట్లు. తర్వాత ప్రభుత్వం మారింది. పథకం ఘనత ఎవరిదన్న వాదన శాసనసభలో తేల్చుకోండి, మా ఇళ్ళలో దాని మీద ఎవరికీ ఆసక్తి లేదు. ఆ 700 కోట్లు ఒక అనుమానం మీద పెట్టిన డబ్బు. జబ్బుకు కారణం భూగర్భజలమేనని ఇప్పటిదాకా ఎవరూ రుజువు చేయలేదు. రుజువు దొరికేదాకా ఆగకుండా నీళ్ళివ్వడం సరైన పనే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఇచ్చిన తర్వాత ఫలితం చూడకపోతే ఎలా?

అన్ని ఊళ్ళకూ కుళాయి ఒకే రోజున రాలేదు. వచ్చిన ఊళ్ళలోనూ కొందరు కుళాయి నీళ్ళు తాగుతున్నారు, కొందరు ఆర్వో ప్లాంటు నుంచి డబ్బాలు తెచ్చుకుంటున్నారు, పొలానికి వెళ్ళినప్పుడు బోరు నీళ్ళే తాగేవారూ ఉన్నారు. కావాలని ఏర్పాటు చేయాలన్నా ఇంత పెద్ద ప్రయోగం ఏ పరిశోధకుడికీ సాధ్యం కాదు. అది మీ చేతికి దానంతట అదే వచ్చింది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొన్ని ఊళ్ళను ఎంచుకుని, ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో, అవే మనుషులకు ఆరు నెలలకోసారి రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ సరిగా వడకట్టకపోతే పెరిగే వ్యర్థం) చూడాలి. ఆ ఇంట్లో ఏ నీళ్ళు తాగుతున్నారో, ఎప్పటినుంచో పక్కనే రాసుకోవాలి. ముదిరిన జబ్బు నీళ్ళు మారినా ఆగకపోవచ్చు కనుక, ఇంకా ఏమీ కాని ఇరవై, ముప్ఫై ఏళ్ళ వాళ్ళను తప్పకుండా చేర్చాలి. అయిదేళ్ళు చూస్తే కుళాయి ఊళ్ళకూ బోరు ఊళ్ళకూ తేడా ఉందో లేదో తెలుస్తుంది. తేడా లేదని తేలినా నష్టం లేదు, వెతకాల్సిన చోటు మరొకటని అర్థమవుతుంది.

క్యాంపు పెట్టి ఒక్కసారి రక్తం తీసి జాబితా రాయడం ఈ పనికి సరిపోదు. మూడు నెలలకు పైగా లోపం కొనసాగితేనే దాన్ని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అంటారు. ఎండలో పనిచేసి నీళ్ళు తాగకుండా వచ్చిన మనిషికి ఆ పూట క్రియాటినిన్ పెరిగి కనిపించవచ్చు. పైగా అది కండను బట్టి మారుతుంది. దాని నుంచి కిడ్నీ పనితీరును లెక్కకట్టే సూత్రాలు ఎక్కువగా పాశ్చాత్య దేశాల వారి మీద తయారైనవి, మన బక్కపలుచని కూలీలకు ఎంత బాగా సరిపోతాయన్న చర్చ వైద్యుల్లో ఇంకా నడుస్తోంది. అదే మనిషిని ఏళ్ళ తరబడి చూస్తే ఆ దోషం చాలావరకు పక్కకు పోతుంది. ఇంకొక చిక్కుంది. ఉద్దానం రోగుల్లో చాలామందికి మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, షుగర్ ఉండదు. మూత్రంలో పట్టీ ముంచి చూసి బాగుందని పంపేస్తే జబ్బు దాటిపోతుంది. రక్తపరీక్ష తప్పదు.

2019లో ప్రచురితమైన సర్వేలో ఇక్కడ పరీక్షించిన పెద్దవారిలో 18 శాతం మందికి, మరుసటి ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనంలో 21 శాతం మందికి కిడ్నీ లోపం కనిపించింది. అంటే దాదాపు అయిదుగురిలో ఒకరు. కారణం మీద మాత్రం పేచీ తెగలేదు. సిలికా అన్నారు, భారలోహాలన్నారు, పురుగుమందులన్నారు, ఎండ అన్నారు, వంశపారంపర్యం అన్నారు. శ్రీలంకలో ఇలాంటి జబ్బుకే గ్లైఫోసేట్ కలుపుమందు కారణమని 2015లో నిషేధించి, 2018లో తేయాకు, రబ్బరు తోటలకు సడలించారు. జబ్బు మీద ఆ నిషేధం ప్రభావమేమిటో ఆ దేశానికి స్పష్టంగా తేలలేదు. ఇలాంటి జబ్బే ఉన్న మధ్య అమెరికా దేశం నికరాగువా చెరకు తోటల్లో మాత్రం పద్ధతి వేరు. కోత కూలీలకు నీళ్ళు, నీడ, విరామం ఏర్పాటు చేసి, కిడ్నీ దెబ్బతినడం తగ్గిందా అని కొలిచారు, తగ్గింది. అక్కడ రోగులు ఎక్కువగా మగ కూలీలు, ఇక్కడ ఆడవాళ్ళకూ జబ్బు బాగానే ఉంది. కాబట్టి వాళ్ళ జవాబు మనకు అలాగే అతకదు. వాళ్ళ కొలిచే అలవాటు అతుకుతుంది.

మందుల సంగతీ అంతే. షుగర్ మందుగా వచ్చిన డపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు షుగర్ లేని కిడ్నీ రోగుల్లో కూడా జబ్బు వేగాన్ని తగ్గిస్తాయని 2020 నుంచి పెద్ద ట్రయల్స్ చూపించాయి. మన దేశంలో పేటెంటు తీరాక ధర కూడా దిగింది. అయితే 2020 నాటి ట్రయల్‌లో మూత్రంలో ప్రొటీన్ పోతున్నవారినే చేర్చుకున్నారు. ప్రొటీన్ పోని, రోజంతా ఎండలో చెమటోడ్చే మా వాళ్ళకు మేలెంత, ఒంట్లో నీరు తగ్గే ప్రమాదమెంత అన్నది ఇక్కడే తేల్చాలి. పలాస కేంద్రం ఉన్నది అందుకే కదా?

రుజువు కోసం ఆగనక్కరలేని పని ఒకటుంది. పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో పని దిగి వచ్చే వాళ్ళు మందుల షాపులో 'ఒళ్ళు నొప్పులకి' అని అడగడం చూడండి. అట్ట నుంచి నాలుగు మాత్రలు కత్తిరించి ఇస్తారు, పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. రేపు డాక్టరు ఏ మాత్రలు వాడావని అడిగితే ఎర్రవి అని చెప్పడం తప్ప ఆ మనిషికి దారి లేదు. డైక్లోఫెనాక్ రకం నొప్పి మాత్రలు దెబ్బతిన్న కిడ్నీకి హాని అన్న విషయంలో వైద్యులకు భిన్నాభిప్రాయం లేదు. డాక్టరు చీటీ లేకుండా వాటిని అమ్మడాన్ని ఈ మండలాల్లో ఆపండి, నొప్పికి బదులుగా ఏమి వాడాలో ఏఎన్ఎంల చేత చెప్పించండి.

డయాలసిస్ రోగికి నెలకు 10,000 పెన్షన్ ఇస్తున్నారు, సంతోషం. క్రియాటినిన్ రెండు దగ్గర ఉన్న, అంటే జబ్బు మొదలైనా ఇంకా ముదరని మనిషి మాత్రం ఏ జాబితాలోనూ ఉండడు. కాపాడుకోగలిగింది అతన్నే.

చివరిగా, మా రక్తం మీద వచ్చిన ఫలితాలు మాకు చెప్పండి. నమూనాలు తీసుకున్న బృందాలు ఇంగ్లిషు పత్రికల్లో వ్యాసాలు వేసుకున్నాయి, వేసుకోనివ్వండి. కానీ చెయ్యి చాచి రక్తమిచ్చిన మనిషికి తన అంకె ఎంతో రాసిన కాగితమైనా అందాలి. ఏటా ఒకసారి పలాస కేంద్రం వైద్యులు కవిటిలోనో సోంపేటలోనో సభ పెట్టి, ఏ ఊళ్ళో ఎంతమందిని చూశారో, అంకెలు ఎటు పోతున్నాయో తెలుగులో వివరించాలి. మొదటి సభకు తేదీ ప్రకటిస్తే ప్రశ్నలు సిద్ధం చేసుకుని వస్తాం.

భవదీయుడు,
విశ్రాంత సైన్సు ఉపాధ్యాయుడు,
కంచిలి మండలం, శ్రీకాకుళం జిల్లా