డిఫెన్స్ న్యాయవాదులే గురువులు కావాలి

సంపాదకులకు,

న్యాయవిద్యపై సాగుతున్న చర్చలో క్రిమినల్ కేసుల్లో నిందితుల తరఫున వాదించే డిఫెన్స్ న్యాయవాదులు బోధనలోకి రావడం గురించి ఎవరూ ప్రస్తావించకపోవడం నన్ను బాధించింది. అమెరికాలో గిడియన్ అనే నిందితుడి కేసులో 1963లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, తీవ్ర నేరాభియోగం ఎదుర్కొనే పేదలకు ప్రభుత్వమే న్యాయవాదిని సమకూర్చాలని స్పష్టం చేసింది; అంతకుముందు లాయరు లేక ఓడిన గిడియన్‌నే, పునర్విచారణలో న్యాయవాది సాక్షులను క్రాస్ ఎగ్జామిన్ చేశాక జ్యూరీ నిర్దోషిగా తేల్చింది. ఆ నేర్పు ఉపన్యాసాలతో అబ్బదు. అక్కడి లా కాలేజీలు నడిపే న్యాయసహాయ క్లినిక్‌లలో విద్యార్థులు, అనుభవజ్ఞుడైన న్యాయవాది పర్యవేక్షణలో, నిజమైన కక్షిదారుతో జైల్లో మాట్లాడి, పోలీసు నివేదికలోని సమయానికీ సాక్షి చెప్పిన సమయానికీ పొంతన ఉందో లేదో సరిచూసి, కోర్టులో స్వయంగా వాదిస్తారు. ఒక్కో గురువుకు కొద్దిమంది విద్యార్థులే ఉండాలి కనుక ఇది ఖర్చుతో కూడిన పనే. అయినా, ఏళ్ల తరబడి డిఫెన్స్ వాదించినవారిని ఇతర ఆచార్యులతో సమాన హోదాలో నియమించాలనీ, వారిచేత కేసులు మాన్పించకూడదనీ నా దృఢమైన అభిప్రాయం.

— ఒక పాఠకురాలు