కుక్కపిల్లను చూడ్డానికి వెళ్ళేముందు

అమ్మలూ,

నిన్న నువ్వు ఫోన్లో గోల్డెన్ రిట్రీవర్ అన్నప్పుడు నేను సరిగా మాట్లాడలేకపోయాను. పక్కనుంచి పెద్దాడు "కాదు తాతయ్యా, నక్కలా ఉంటుందే అది" అని అరుస్తున్నాడు, అల్లుడేమో లాబ్రడార్ అయితే ఏ గొడవా ఉండదంటున్నాడు, చిన్నది దేనికో ఏడుస్తోంది. అంత సందడిలో చెప్పే విషయం కాదని ఊరుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, పిల్లలు పడుకున్నాక తీరిగ్గా చదువు, అల్లుడికీ చదివి వినిపించు.

కుక్క వద్దని చెప్పడానికి కాదు, భయపడకు. పిల్లలున్న ఇంటికి రిట్రీవర్ అనుకోవడం మంచి ఆలోచనే. వేటలో పడిన పక్షిని వెతికి, నలిగిపోకుండా నోట పట్టుకొచ్చి మనిషి చేతికివ్వడానికి పెంచిన జాతులివి. ఆ పని చేయాలంటే మనిషి మాట వినాలి, పిలిచేదాకా పక్కన ఓపిగ్గా కూర్చోవాలి, అడిగితే నోట్లోది వదిలేయాలి. ఆ గుణాలున్నవాటినే ఎంచుకుని తరతరాలుగా పిల్లల్ని తీయించారు కాబట్టి మనుషుల్లో మనిషిగా తిరగాలన్న ఆరాటం వాటికి పుట్టుకతోనే వస్తుంది. అందుకే రోజంతా మూసిన తలుపు వెనక ఒంటరిగా పడి ఉండటం వీటికి అస్సలు సరిపడదు, ఈ సంగతి మళ్ళీ చెప్తాను.

ముందు పెద్దాడి నక్క సంగతి. వాడు చూసింది నోవా స్కోషియా డక్ టోలింగ్ రిట్రీవర్ అయి ఉంటుంది, కెనడాది. రిట్రీవర్లన్నిట్లో చిన్నది, 17 నుంచి 23 కిలోల దాకా ఉంటుంది. నీళ్ళ ఒడ్డున అటూ ఇటూ గెంతుతూ ఆడుకుంటుంటే బాతులు ఇదేమిటా అని దగ్గరకొస్తాయట, అలా వాటిని వేటగాడి ముందుకు రప్పించడం దాని పని. ఎంత ముద్దుగా ఉన్నా పని లేకపోతే నిలవలేని కుక్క అది. ఉత్సాహం ఆపుకోలేనప్పుడు మొరగదు, చెవులు చిల్లులు పడేలా కీచుమంటుంది. మూడో అంతస్తులో, చుట్టూ గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళ మధ్య మీకది వద్దు. వాడు బాధపడితే చీసపీక్ బే రిట్రీవర్ కథ చెప్పు: 1807లో అమెరికాలో మేరీల్యాండ్ తీరం దగ్గర మునిగిపోతున్న ఓడలోంచి రెండు కుక్కపిల్లల్ని కాపాడారు, వాటి పేర్లు సెయిలర్, కాంటన్, ఆ జాతి వాటితోనే మొదలైందని చెబుతారు. కథ వాడికి చాలు, ఆ కుక్క మాత్రం మీకు కాదు. కాపలా బుద్ధి ఎక్కువ, కుక్కల్ని పెంచి చేయి తిరిగినవాళ్ళకే అది లొంగుతుంది. గిరజాల బొచ్చుదీ (కర్లీ కోటెడ్), నున్నటి నల్లబొచ్చుదీ (ఫ్లాట్ కోటెడ్) ఇంకో రెండున్నాయి, దొరకడమే కష్టం. ఫ్లాట్ కోటెడ్‌ది బంగారంలాంటి స్వభావం, ముసలిదైనా పిల్లలాగే ఆడుతుంది, కానీ చాలా వాటిని క్యాన్సర్ ఎనిమిది తొమ్మిదేళ్ళకే తీసుకుపోతుంది. అప్పటికి చిన్నదానికి పది పదకొండేళ్ళే ఉంటాయి.

ఇక మిగిలింది నీ గోల్డెన్, అల్లుడి లాబ్రడార్.

గోల్డెన్ స్కాట్లాండ్‌లో పుట్టింది. ట్వీడ్‌మౌత్ ప్రభువు అనే ఆయన 1868లో నూస్ అనే పసుపుపచ్చ రిట్రీవర్‌ని, బెల్ అనే నీటి స్పానియల్‌ని కలిపితే పుట్టిన పిల్లలే ఈ జాతికి మూలం. లాబ్రడార్‌కి పేరు కెనడాలోని లాబ్రడార్ ప్రాంతందే కానీ, దాని పూర్వీకులు ఆ పక్కనున్న న్యూఫౌండ్‌ల్యాండ్ దీవి జాలర్ల దగ్గర వలలు లాగిన కుక్కలు, జాతిగా దిద్దింది మాత్రం బ్రిటన్‌లో. రెండూ ముప్పై కిలోలకు అటూ ఇటూ తూగుతాయి. రెండిటికీ రోజూ గంట, వయసులో ఉన్నప్పుడైతే రెండు గంటల దాకా నడకా ఆటా కావాలి. నీళ్ళు కనబడితే ఆగవు, తడిసి వచ్చాక వేలాడే చెవులు తుడవకపోతే లోపల ఇన్‌ఫెక్షన్ వస్తుంది. గోల్డెన్‌కి బొచ్చు పొడుగు, వారానికి మూడు నాలుగుసార్లు దువ్వకపోతే చెవుల వెనకా తొడల దగ్గరా అట్టలు కడుతుంది. ఎండాకాలం వచ్చిందని గుండు చేయించకూడదు, ఆ రెండు పొరల బొచ్చే ఎండనుంచి దాని చర్మాన్ని కాపాడేది. అల్లుడు లాబ్రడార్‌కి పొట్టి బొచ్చు కాబట్టి రాలదనుకుంటున్నాడేమో, అది కూడా ఇల్లంతా రాలుస్తుంది, పైగా ఆ పొట్టి వెంట్రుకలు బట్టల్లో గుచ్చుకుని ఒక పట్టాన రావు. అతనికి పొద్దున్నే వచ్చే తుమ్ముల సంగతి కూడా ఆలోచించు. అలర్జీ తెప్పించేది కుక్క లాలాజలంలో, చర్మం పొట్టులో ఉండే ప్రోటీన్లు, అందుకే బొచ్చు అంతగా రాలని పూడిల్ జాతితో కలిపిన గోల్డెన్ అయితే అలర్జీ రానే రాదని ఎవరు హామీ ఇచ్చినా నమ్మకండి. కుక్క ఉన్న స్నేహితుల ఇంటికి రెండు మూడుసార్లు వెళ్ళి గంటలకొద్దీ కూర్చుని రమ్మను, తేలిపోతుంది.

గోల్డెన్ విషయంలో నా మనసు పీకేది క్యాన్సరే. ఈ జాతిలో అది ఎంత ఎక్కువంటే, ఎందుకొస్తోందో తెలుసుకోవడానికి అమెరికాలో 2012 నుంచి మూడు వేలకు పైగా గోల్డెన్ కుక్కల్ని జీవితాంతం గమనిస్తూ వస్తున్నారు. ప్రతి కుక్కకూ వస్తుందని కాదు, పన్నెండేళ్ళు హాయిగా బతికేవి చాలా ఉన్నాయి. తెలిసే తెచ్చుకోవాలని చెప్తున్నాను.

లాబ్రడార్ విషయంలో పీకేది దాని ఆకలి. ఇక్కడ నీకు ఇన్నాళ్ళూ చెప్పని సంగతి చెప్పాలి.

మన లాబ్రడార్ కాటుక గుర్తుందిగా. నీ ఆరో తరగతిలో పుట్టినరోజుకని ఆదరాబాదరాగా తెచ్చాను. అమ్మినాయన తల్లి వేరేచోట ఉందన్నాడు, తండ్రి పెద్ద వంశం కుక్క అన్నాడు, నేను ఒక్క కాగితం అడగలేదు, అరగంటలో పిల్లను చంకలో పెట్టుకుని వచ్చేశాను. ఎనిమిదో నెలలో అది పరిగెత్తేటప్పుడు వెనక కాళ్ళు రెండూ కలిపి కుందేలులా గెంతేది, నువ్వు చప్పట్లు కొట్టేదానివి, మనందరికీ అది ముద్దుగానే అనిపించింది. ఏడాదిన్నరకు డాక్టర్ ఎక్స్‌రే తీసి చూపించారు. తుంటి కీలులో బంతి గిన్నెలో సరిగా కూర్చోలేదు, హిప్ డిస్ప్లేసియా అన్నారు. ఆ కుందేలు గెంతే మొదటి గుర్తట. ఇది చాలావరకు తల్లిదండ్రుల నుంచి వచ్చేది, బరువు పెరిగితే ముదిరేది, 28 కిలోలు దాటనివ్వకండి అని మరీ మరీ చెప్పారు. నేను దాటనిచ్చాను. భోజనం దగ్గర అది అలా కళ్ళు పెట్టుకుని చూస్తుంటే నాకు తినబుద్ధయ్యేది కాదు, రోజూ నా కంచంలోంచి కొంత దానికి వెళ్ళేది. నాలుగేళ్ళకు 38 కిలోలైంది.

బ్రిటన్‌లో 2016లో పరిశోధకులు కనిపెట్టారు, లాబ్రడార్లలో దాదాపు నాలుగింట ఒకదానికి ఒక జన్యువులో కొంత భాగం లేకుండా పోయి ఉంటుందట, అలా లేకుండా పోయినవాటికి మిగతావాటికంటే తిండి ధ్యాస ఎక్కువ, బరువూ ఎక్కువ. అంటే పెట్టింది తిని మళ్ళీ అడిగిందంటే చాల్లేదని అర్థం కాదు. అంతకుముందే 2002లో వేరేవాళ్ళ పరిశోధన ఒకటి వచ్చింది. 48 లాబ్రడార్ పిల్లల్ని జతలు చేసి, జతలో ఒకదానికి రెండోదానికన్నా పాతిక శాతం తక్కువ తిండి పెడుతూ జీవితాంతం చూశారు. తక్కువ తిన్నవి సగటున దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి, కీళ్ళనొప్పులు కూడా వాటికి ఆలస్యంగా వచ్చాయి. రెండేళ్ళమ్మా. అది చదివినరోజు నేను చాలాసేపు లేవలేకపోయాను.

నువ్వు హాస్టల్లో ఉండగా, పరీక్షల ముందు, కాటుక నిద్రలో పోయిందని చెప్పాను కదా. అలా జరగలేదు. వారం రోజులుగా అది లేవలేకపోయింది, బయటికి వెళ్ళలేక ఉన్నచోటే తడుపుకుని, సిగ్గుపడ్డట్టు మొహం తిప్పుకునేది. డాక్టర్ ఇంటికొచ్చి ఇంజెక్షన్ ఇచ్చారు, తల నా ఒళ్ళో ఉంది. మీ అమ్మ నీకు చెప్పమంది, నాకే ధైర్యం చాలలేదు. ఇన్నేళ్ళకు చెప్తున్నందుకు కోపం వస్తే రానీ.

అందుకే జాతి గురించి నువ్వూ అల్లుడూ ఎలా తేల్చుకున్నా నాకు సమ్మతమే, తల్లిని చూడకుండా మాత్రం పిల్లను తేవద్దు. తల్లిని చూచి పిల్లను, పాలను చూచి బర్రెను కొనాలని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. వాళ్ళింటికే వెళ్ళండి, తల్లి దగ్గర కూర్చోండి. కొత్తవాళ్ళను చూసి అది తోక ఊపుతూ వస్తుందా, మూలకు నక్కుతుందా, పిల్లల్ని ముట్టుకుంటే గుర్రుమంటుందా చూడండి, తల్లి బెదురు పిల్లలకూ వస్తుంది. తల్లికీ తండ్రికీ తుంటి, మోచేతి కీళ్ళ ఎక్స్‌రే రిపోర్టులు అడగండి, చూపు పోయే పీఆర్‌ఏ జబ్బుకి జన్యు పరీక్ష చేయించారా అడగండి, లాబ్రడార్ అయితే పరుగులో కుప్పకూలే ఈఐసీకి కూడా, గోల్డెన్ అయితే గుండె పరీక్ష కూడా. బలిష్ఠంగా ఉంది కదా ఎందుకండీ ఇవన్నీ అన్నారంటే అక్కడ్నించి వచ్చేయండి. ఎనిమిది వారాలు నిండకముందే పట్టుకుపొమ్మన్నా వచ్చేయండి. వెండిరంగు లాబ్రడార్ చాలా అరుదు అని ఎక్కువ అడిగితే అసలు ఆగొద్దు, ఆ జాతికి ఒప్పుకున్న రంగులు నలుపు, పసుపు, చాక్లెట్, మూడే. చాక్లెట్ రంగువి మిగతావాటికన్నా తక్కువ బతుకుతున్నాయని కూడా 2018లో ఒక లెక్క తేలింది, 12.1 ఏళ్ళకు బదులు 10.7. నేనైతే రంగు కోసం అసలు వెతకను.

ఇంకో మాట అడగాలి, వేట పనికి తీసిన వంశమా, ప్రదర్శనలకు తీసిన వంశమా అని. ఒకే జాతి అయినా వేట వంశంవి సన్నగా, చురుగ్గా, కాలు నిలవకుండా ఉంటాయి. మీ ఇంటికి రెండో రకమే నయం. నా అనుభవంలో లాబ్రడార్‌కీ గోల్డెన్‌కీ ఉన్న తేడాకన్నా ఈ తేడాయే ఇంట్లో ఎక్కువ తెలుస్తుంది.

ఇప్పుడు ఒంటరితనం సంగతి. మీరిద్దరూ పొద్దున తొమ్మిదికి వెళ్తే సాయంత్రం ఆరు. రెండు నెలల పిల్ల అంతసేపు ఉచ్చ ఆపుకోలేదు, రెండు మూడు గంటలకోసారి ఎవరో బయటికి తీసుకెళ్ళాలి. నాలుగో నెలలో పళ్ళు మారుతుంటే చెప్పులూ కుర్చీ కాళ్ళూ చిన్నదాని వేళ్ళూ దానికి ఒకటే. ఏడాదికి ఒళ్ళు పెద్దదవుతుంది, బుద్ధి రావడానికి ఇంకో ఏడాది పడుతుంది, ఆ మధ్యకాలంలోనే చాలామంది విసిగి ఎవరికో ఇచ్చేస్తారు. చిన్నదానికింకా రెండేళ్ళే. ముప్పై కిలోల కుక్క ప్రేమగా తోక ఊపినా అది పడిపోతుంది. ఎంత మంచి కుక్కయినా సరే, ఆ వయసు పిల్లతో ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు, అది తినేటప్పుడు, పడుకున్నప్పుడు మరీను. ఈ మాట పెద్దాడికి నువ్వే నేర్పాలి, కుక్కకు నేర్పేదానికన్నా ముందు.

కాబట్టి నన్నడిగితే ఇంకో ఏడాది ఆగండి, లేదా మూడు నాలుగేళ్ళ పెద్ద కుక్కను తెచ్చుకోండి. ఇళ్ళు మారేవాళ్ళు, పెంచలేకపోయినవాళ్ళు వదిలిన లాబ్రడార్లు, గోల్డెన్లు ఆశ్రయాల్లో చాలా ఉంటాయి. పెద్ద కుక్క స్వభావం ఏమిటో ఎదురుగా కనిపిస్తుంది, కీళ్ళు ఎక్స్‌రే తీయించి చూసుకోవచ్చు, పిల్ల విషయంలో ఊహించుకోవాల్సినవన్నీ దాంట్లో ముందే తేలిపోయి ఉంటాయి. పెద్ద కుక్క మనకు అలవాటు పడదనుకోకు, రిట్రీవర్లు తొందరగానే కలిసిపోతాయి. పగలు ఒకరు ఇంట్లో ఉండాలన్నది మాత్రం దానికీ తప్పదు, వారంలో మూడు రోజులైనా ఇంటినుంచి పని చేసే వీలుందేమో అల్లుణ్ణి అడుగు. మొదటి నెలకైతే నేనూ మీ అమ్మా వచ్చి ఉంటాం, నిన్ననే అనుకున్నాం.

తిండి గిన్నెతో కొలిచి పెట్టే పని నాకొద్దు, అది నీ చేతిలో ఉంచుకో. నేను నడకకు తీసుకెళ్తాను, పొద్దున ఐదున్నరకు ఎలాగూ లేస్తాను. ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి, చాక్లెట్ దానికి విషమని ఫ్రిజ్ మీద పెద్దక్షరాలతో పెద్దాడి చేతే రాయించి అంటించు.

పిల్లనైనా పెద్దదాన్నైనా, చూడ్డానికి వెళ్ళేరోజు నాకు ముందే చెప్పు, నేనూ వస్తాను. కాగితాలు నేను అడుగుతాను, అప్పుడు అడగనివన్నీ నాకు కంఠతా వచ్చు. పెద్దాణ్ణి మాత్రం మొదటిసారి తీసుకురాకు. పిల్లను ఒళ్ళో పెట్టుకున్నాక వాడు వదలడు, వాడి మొహం చూసి మనమూ వద్దనలేం.

మీ
నాన్న